బూంది, జంతికల ధైర్యదాత

మధ్యాహ్నం మూడు గంటలకు ఒక ఎండుటాకు రాలింది. బూంది భయాంకం నూటికి డెబ్భై ఎనిమిదికి చేరింది. దాన్ని చూసి జంతిక బెదిరింది. దాని అంకె ఎనభై రెండు. రెండు కుక్కలూ ఒకదాని పొట్ట కింద ఒకటి దూరబోయి, వీలుకాక, సత్యవేణి చీర కుచ్చిళ్లలో తలలు దాచుకున్నాయి.

"ఏవండీ, ఇవి బతికి బట్టకట్టవండీ," అంది సత్యవేణి. "ఆకుకే ఇలాగుంటే, కొమ్మ విరిగిపడితే ఏమైపోతాయి? అసలు ఆ కొమ్మ చూశారా? సరిగ్గా మన గుడారం మీదికే వంగి ఉంది."

ఆమె భర్త దొరబాబు మడతకుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. "నువ్వు కాస్త నోరు మూసుకుంటే అవే సర్దుకుంటాయే. పొద్దుట్నించీ పాము, తేలు, కొమ్మ, పిడుగు అని ఒకటే జపం. నీ భయమే వాటికి అంటుకుంటోంది."

"పిడుగు ఇంకా అనలేదండీ."

"అంటావులే. ఇంకా మూడు గంటల టైముంది."

మారేడుమిల్లి అడవిలోని ఆ విడిదికి వాళ్లు వచ్చి మూడు రోజులైంది. సరదాకు రాలేదు. నగరాల మీద ఆకాశమంతా ఎగిరే సరుకుబండ్లతో నిండిపోయాక, మనిషి చెవికి అందని వాటి రొద విని విని, ఇరవయ్యో అంతస్తులో పుట్టి అక్కడే పెరిగిన కుక్కలన్నీ పిరికివైపోయాయి. దానికి మందుగా వచ్చిందే అభయపట్టీ. కుక్క మెడకు పట్టీ, ఇంట్లో ఒకరి చేతికి కంకణం. ఆ మనిషి గుండె చప్పుడును కంకణం వింటుంది. పట్టీ దాన్ని సన్నని అదురుగా మార్చి కుక్క గొంతు కింద మోగిస్తుంది. తల్లి పొట్టను ఆనుకుని పడుకున్న పిల్లకు ఎలా తెలుస్తుందో, కుక్కకు ఆ గుండె అలా తెలుస్తుంది. కంకణం తొడుక్కున్న మనిషిని ధైర్యదాత అంటారు. ఇప్పుడు పట్టీ లేకుండా కుక్కను మెట్లు కూడా ఎవరూ దింపడం లేదు.

అయితే దానికొక నియమం పెట్టారు. పట్టీ కట్టిన కుక్క ఏడాదికోసారి మూడు రోజులు అడవిలో ఉండాలి. మూడో రోజు సాయంత్రం ఆరింటికి దాని భయాంకం ముప్పై లోపు ఉండాలి. లేకపోతే ఆరు నెలలు సాంత్వనశాలలో ఉంచుతారు. ఇంటివాళ్లను అక్కడికి రానివ్వరు. బూంది, జంతికలకు ఇదే మొదటి పరీక్ష.

ఆ ఆరు నెలల మాటే సత్యవేణి బుర్రలో తిరుగుతోంది. అక్కడ పెరుగన్నం మెత్తగా కలిపి పెడతారో లేదో. పడుకునేముందు జంతికకు ఎడమ చెవి నిమరాలని వాళ్లకెవరు చెబుతారు? బూంది అసలే వయసైనది, ఈలోగా దానికేమన్నా అయితే? ఏమీ కాకుండా తిరిగొచ్చి తన మొహం మరచిపోతే?

ధైర్యదాత పేరు రాయమని పత్రం వచ్చిననాడు ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఇంటి యజమాని పేరు రాసినట్టే దొరబాబు పేరు రాసేశారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన భయపడగా చూసినవాళ్లు లేరు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే పాట పాడుకున్న మనిషి ఆయన. సత్యవేణి పాలు పొంగితే ఇల్లు అంటుకుంటుందనుకునే మనిషి. ఆవిడ పేరు రాస్తే ఎలా ఉంటుందో అనుకుని ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు కూడా.

నాలుగింటికి పరీక్షాధికారి బుల్లెమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, ఆ అడవిలోనే పుట్టి పెరిగింది. చేతిలోని కొలతపలకను కుక్కల వైపు తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఆరింటికి మళ్లీ వస్తానండి. ఇలాగే ఉంటే మాత్రం బండి సిద్ధంగా ఉందండి మరి."

"బండా? అంటే ఇవాళే తీసుకుపోతారా తల్లీ?"

"ఇవాళేనండి. మీ ఇంటి వాసనున్న దుప్పటేదన్నా ఉంటే తీసి ఉంచండి. కాస్త ఏడవకుండా ఉంటాయి."

ఆమె వెళ్లాక కూడా సత్యవేణి దుప్పటి వెతకలేదు. వంటసామాన్ల సంచీ తెరిచి కళ్లుప్పు, ఎండుమిరపకాయలు తీసింది.

"ఇది దిష్టేనండీ. పొద్దున్న పక్క గుడారం ఆవిడ, 'ఎంత ముద్దుగా ఉన్నాయండీ' అంది. అప్పుడే అనుకున్నాను. లేవండి, మీరూ వచ్చి వీటి పక్కన కూర్చోండి."

"నేనెందుకే?"

"మీవారు ఎంత నిదానమైన మనిషో అని కూడా అందండీ. ముందు చేతికున్న ఆ కంకణం తీయండి. దిష్టి తీసేటప్పుడు ఒంటిమీద యంత్రాలు ఉండకూడదు."

"అని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలేంటి?"

కింద పెడితే ఆకుల్లో పోతుందని సత్యవేణి కంకణాన్ని తన గాజుల మధ్యకే తోసుకుంది. రెండు కుక్కల్నీ, మొగుణ్ణీ తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, గుప్పెట మూడుసార్లు తిప్పి, ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసింది. అది విడిదివాళ్లు ఇచ్చిన పొగమింగు పొయ్యి. అడవి జంతువులకు ఇబ్బంది కలగకుండా పొగనూ వాసననూ అదే మింగేస్తుంది. ఒక్కరికీ తుమ్ము రాలేదు.

సత్యవేణి గుండె మీద చెయ్యి వేసుకుంది. "చూశారా! ఇన్ని మిరపకాయలు వేస్తే ఇసుమంత ఘాటు లేదు! ఎంత దిష్టి తగిలి ఉండాలి!"

"అది పొయ్యి మింగేసిందే పిచ్చిదానా."

"మీకు తెలీదు, ఊరుకోండి."

పావుగంట గడిచింది. బూంది కుచ్చిళ్లలోంచి మూతి బయటపెట్టింది. జంతిక తీరిగ్గా ఒళ్లు విరుచుకుంది. చెట్టు దిగివచ్చిన ఉడతను చూసి బూంది భౌమంది. అది అరిచి నాలుగేళ్లయింది. తన గొంతుకు తనే ఆశ్చర్యపోయి ఇంకోసారి అరిచింది.

ఆరింటికి బుల్లెమ్మ పలక చూసి, తుడిచి, మళ్లీ చూసింది. బూంది పద్దెనిమిది. జంతిక ఇరవై ఒకటి.

"దిష్టి తీశానమ్మా," అంది సత్యవేణి వినయంగా.

బుల్లెమ్మ చూపు ఆవిడ గాజుల మీద ఆగింది. "కంకణం మీ చేతికుందేంటండి?"

"పోతుందని పెట్టుకున్నాను."

"ఒకసారి బాబుగారికి ఇవ్వండి."

దొరబాబు చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. "ఇప్పుడెందుకండీ, కుదిరింది గదా!"

కానీ తప్పలేదు. కంకణం ఆయన చేతికెక్కిన నిమిషానికి కుక్కలు రెండూ కుయ్యిమంటూ గుడారంలోకి పరుగెత్తాయి. ఎనభై అయిదు. సత్యవేణి వేసుకుంది. ఇరవై. బుల్లెమ్మ పలక మీద ఇంకేదో నొక్కింది. అభయపట్టీ చేసినవాళ్లు కుక్క భయాన్ని చూపించడానికి వందరకాల గీతలు పెట్టారు గానీ, ధైర్యదాత గుండె గీతను ఎక్కడో అడుగున దాచారు. దాన్ని చూడాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"అమ్మగారి గుండె నిమిషానికి అరవై ఎనిమిదండి," అంది బుల్లెమ్మ. "బాబుగారిది ఈ మూడు రోజుల్లో నూట పది కిందికి దిగలేదండి."

"నీ పలక పాడైంది తల్లీ. నేనిప్పుడు కూడా భయపడుతున్నాను. ఆ కొమ్మ..."

"భయపడుతున్నారండి. కానీ నిలవ ఉంచుకోవట్లేదండి."

సత్యవేణి భర్త వైపు తిరిగింది. ఆయన కుర్చీ మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడత పెడుతున్నాడు.

"ఏవండీ. లిఫ్టు ఆగిననాడు పాట పాడారు గదండీ?"

"ఆపితే ఏడుపొచ్చేసేలా ఉందే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇంట్లో భయపడ్డానికి అప్పటికే నువ్వున్నావు. ఇద్దరం మొదలెడితే ఇల్లు నడవొద్దూ?" దొరబాబు కుర్చీని పక్కన పెట్టాడు. "నువ్వు కొమ్మ అనే ముందే నేను దాన్ని చూశానే. పొద్దున్న ఏడింటికే చూశాను."

సత్యవేణి కొమ్మను వదిలి ఆయన మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్లు ఈ మనిషి పక్కనే ఉండి, ఒంటరిగా బెదిరిపోయాడు. తను ఎవరెవరికో ఏమవుతుందోనని హడలిపోయింది గానీ, ఈయనకేమవుతోందో ఒక్కనాడూ చూడలేదు.

బుల్లెమ్మ పత్రంలో ధైర్యదాత పేరు కొట్టేసి సత్యవేణి పేరు రాసింది. ఖాళీ బండి వెనక్కు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న డ్రైవరు లేని స్వయంరథం ఘాట్ రోడ్డు దిగుతుంటే, కుక్కలు రెండూ వెనక సీటులో గురకపెట్టాయి. దొరబాబు మొదలుపెట్టాడు.

"ఏవే, ఈ మలుపులో చక్రం జారదు గదా?"

"జారదులెండి."

"ఎదురుగా లారీ వస్తే?"

"అదే తప్పుకుంటుంది."

"బ్రేకుల వాసన వస్తోందా నీకు?"

"అది మీరు తింటున్న వేరుశనగలండీ."

ఆవిడ నోరు తెరిచేలోగా ప్రతి ప్రమాదాన్నీ ఆయనే అనేస్తున్నాడు. కొండచరియ, కోతులు, కడుపులో నొప్పి, అన్నీ అయిపోయాయి. సత్యవేణికి జవాబులు తప్ప ఏమీ మిగల్లేదు. ఏం చెయ్యాలో తోచక కిటికీలోంచి బయటికి చూసింది.

"అబ్బ, ఏవండీ! ఇక్కడింత వెదురుందా!"

మూడు రోజులూ వాళ్లు ఆ వెదురు మధ్యనే ఉన్నారు.

"ఉందే," అన్నాడు దొరబాబు, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని. "విరిగి రోడ్డు మీద పడదు గదా?"