పరదాలు దించిన కారు

పొద్దున్నే జన్నత్ బీ వాకిట్లో కూర్చుని రొట్టె చాయ్‌లో ముంచుకుని తింటోంది. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక ఉన్న ఆ ఇల్లు ఆమె చిన్న కొడుకు మొయినుద్దీన్‌ది. ఇంటి ముందే రేకుల షెడ్డు. షెడ్డులో గుండ్రటి లైట్ల పాత నల్ల కారు, మూత లేపి ఉంది.

"అమ్మీ, ఇంకో రొట్టె పెట్టనా?" అంది కోడలు హలీమా.

"చాలు బిడ్డా. వాడు తిన్నడా?"

"ఏం తింటడు? ఇంజన్ల తల పెట్టిండు. కారును కదిలిస్తె కారన్న పలుకుతది. ఆయన పలుకడు."

మొయినుద్దీన్ విన్నాడు. నిజంగానే పలకలేదు.

ఆ కారు తండ్రిది. కొల్లాపూర్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేస్తే, పాతబడిందని వాళ్లు ఆయనకే ఇచ్చేశారు. తండ్రి పోయాక అన్న ఖుద్దూస్ దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఖుద్దూస్ బిడ్డ అజీజా పెళ్లి. పెళ్లికూతుర్ని కొల్లాపూర్ నుంచి భువనగిరికి ఇదే కారులో పంపాలని అన్న పట్టుదల. అయితే కారు టపటపమని కొట్టుకుంటోంది, నల్లగా పొగ కక్కుతోంది. ఇంత పాత బండిని ముట్టుకునే మెకానిక్ చుట్టుపక్కల మొయినుద్దీన్ ఒక్కడే. అన్న కారునూ తల్లినీ వాకిట్లో దించి, చాయ్ కూడా తాగకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

రోగం మొయినుద్దీన్‌కు చూడగానే తెలిసింది. కాలిన పొగ ఇంజన్ లోంచి సైలెన్సర్‌లోకి పోయే దారిలో ఇనుప మానిఫోల్డ్ ఉంటుంది. దాన్ని బిగించే బోల్టు ఒకటి లోపలే విరిగిపోయింది. మధ్యలో ఉండే ప్యాకింగ్ కాలి బూడిదైంది. ఆ సందులోంచి పొగ బయటికి తంతోంది.

మందు కూడా తెలుసు. మానిఫోల్డ్ విప్పాలి, విరిగిన ముక్కను తొలిచి తీయాలి, ఇనుమును అద్దంలా చదును చేయాలి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాలి.

అతను అదేదీ చేయలేదు.

తండ్రి చనిపోయినప్పుడు ఖుద్దూస్ ఇతని కోసం ఆగలేదు. కబురు అందిన వెంటనే దొరికిన లారీ పట్టుకుని కొల్లాపూర్ ఉరికాడు మొయినుద్దీన్. చేరేసరికి సమాధి మీద చల్లిన నీళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఊరివాళ్లంతా సమాధికి మూడేసి పిడికిళ్ల మట్టి ఇచ్చారు. కొడుకై పుట్టిన తను మాత్రం ఇవ్వలేకపోయాడు. ఆ రోజు నుంచి అన్నం పిడికిట్లోకి తీసుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

అందుకే పాత ప్యాకింగే మళ్లీ పెట్టాడు. సందులో ఇనుము అతికించే ముద్ద కూరాడు. విరిగిన బోల్టు తలను ఆ ముద్దతోనే పైన అతికించి వెండి రంగు పూశాడు. చూస్తే కొత్తదానిలా ఉంది. సగం దారి దాకా ఆగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఊడిపోతుంది. మగపెళ్లివారి ముందు కారు ట్రాక్టరులా అరుస్తూ పొగ కక్కాలి. ఖుద్దూస్ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అల్లాడాలి. ఆ సంగతి తలచుకుంటూ పానాను గుడ్డతో తుడిచాడు. అతని పెదాల మీద నవ్వు చాన్నాళ్లకు కనిపించింది.

మధ్యాహ్నానికి ఖుద్దూస్ వచ్చాడు.

"అయిందారా?"

"అయింది."

"మళ్ల మొరాయించదు గద? మా వియ్యాలోళ్లు పెద్దోళ్లు."

"అబ్బాకు జనాజా జల్ది చేసినవ్ గద భాయ్. గంత జల్ది నాకు రాదు. జర నిమ్మళంగ చేసిన."

ఖుద్దూస్ మొహం ఎర్రబడింది. "పెళ్లి ముంగట గూడ అదే ముచ్చటనా? నీ నోట్లె ఇంకో మాట లేదా?"

"ఉండె. నువ్వు మట్టిల కలిపినవ్."

"చాల్రా ఇగ!" అంది తల్లి. "చెవులు కోసుకోవాల్నా నేను?"

ఖుద్దూస్ కారు స్టార్ట్ చేశాడు. ఇంజన్ మెత్తగా తిరిగింది. టపటప లేదు. అతను తృప్తిగా తల ఊపాడు. హలీమా ఎర్రటి బట్టలేవో చంకన పెట్టుకుని వచ్చి వెనక తలుపు తీసింది.

"గవేంది?" అన్నాడు మొయినుద్దీన్.

"పరదాలు. అమ్మీ కుట్టమన్నది. పెళ్లిపిల్ల కారాయె."

జన్నత్ బీ వెనక సీట్లోకి ఎక్కింది. "అద్దాలన్ని ఎక్కించు హలీమా. పరదాలు గూడ దించు. భువనగిరోళ్లు గోషా ఎక్కువ పడ్తరు. దారిల ఒక్క అద్దం దించొద్దని ముందే చెప్పిన్రు. నేను, అజీజా, దాని తల్లి చెల్లె వెనకాల కూసుంటం. ఎంత ఉబ్బరిస్తదో చూస్త. వచ్చిన నాడు అద్దాలు తీసి ఉన్నా తల పగిలిపోయి, రెండుసార్లు కక్కుకున్న."

మొయినుద్దీన్‌కు అప్పుడు తట్టింది. కారు పరువు తీస్తుందనుకున్నాడే గానీ, అందులో ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో ఆలోచించలేదు. పాత కారు, ఇంజన్‌కీ సీట్లకీ మధ్య రేకు నిండా తూట్లు. ఇంజన్ దగ్గర కారిన పొగ నేరుగా లోపలికే పోతుంది. అద్దాలు మూస్తే బయటికి దారి ఉండదు. ఆ విషగాలికి నిద్ర ముంచుకొస్తుంది. వచ్చిన నిద్ర మళ్లీ పోదు. చలికి అద్దాలన్నీ మూసుకుని ఇంజన్ నడిపించి పడుకున్న లారీ క్లీనర్‌ను తెల్లారి ఎలా దించారో అతను కళ్లారా చూశాడు.

పరదాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. తల్లి మొహం కనబడకుండా పోయింది.

"ఆపు!"

"ఏందిరా?"

"ఇంజన్ ఆపు భాయ్! అమ్మీ, దిగు!"

మూత లేపి, కాలుతున్న మానిఫోల్డ్ మీద చెయ్యేశాడు. వెండి రంగు బోల్టు తల వేళ్లతో లాగితే ఊడి వచ్చింది. చర్మం అంటుకుపోయింది. దాన్ని ఖుద్దూస్ కాళ్ల ముందు విసిరేశాడు.

ఖుద్దూస్ వంగి చూశాడు. అంటించిన ముద్ద, కింద విరిగిన ఇనుము. కాసేపటికి అర్థమైంది.

"నా బిడ్డ కూసుండే కారురా!"

"తెల్వది... పరదాల సంగతి నా మతిల లేదు. నీ ఇజ్జత్ తీయాలనుకున్న, అంతే. పానం తీయాలనుకోలే."

కొడతాడనుకున్నాడు. ఖుద్దూస్ మడ్‌గార్డ్ మీద కూలబడ్డాడు.

"గా దినం నేను గూడ గిట్లనే చేసిన్రా" అన్నాడు. "మంచం పక్కన కూసుని మందు పోసింది నేను. అబ్బా మాత్రం మొయిన్ మొయిన్ అన్నడు. నా పేరు ఒక్కపారి రాలే. నువ్వొస్తె అందరు నిన్నే ముందల నిలబెడ్తరని... తొందర పెట్టిన."

జన్నత్ బీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒకడు తండ్రిని దక్కనియ్యలే. ఒకడు తల్లికి పొగ పెట్టవోయిండు. ఇద్దర్ని ఒక్క పాలే తాపిన గదరా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హలీమా మొగుడి చేతిని నీళ్ల బకెట్‌లో ముంచింది. అతని మొహం వంక మాత్రం చూడలేదు. మొయినుద్దీన్‌కు కాలిన చేతికన్నా అదే ఎక్కువ మండింది.

మర్నాడంతా పని జరిగింది. మొయినుద్దీన్ చేతికి కట్టు. అతను చెబుతుంటే ఖుద్దూస్ నూనె మరకల చొక్కా వేసుకుని మానిఫోల్డ్ మోశాడు, విరిగిన ముక్క తొలిచాడు, ఇనుము అరగదీశాడు.

"నడిమి నుంచి బిగించు. ఒక కొస నుంచి బిగిస్తె వంకర పోతది."

"నాకు చెప్తవారా?"

"తెల్వనోనికి చెప్పాలె గద."

ఇంజన్ వేడెక్కించి, చల్లార్చి, మళ్లీ బిగించారు. సైలెన్సర్ మూతికి తడి గుడ్డ అడ్డంపెట్టి మొయినుద్దీన్ మానిఫోల్డ్ చుట్టూ సబ్బునీళ్లు పోశాడు. ఒక్క బుడగ లేవలేదు, అంటే పొగ ఎక్కడా కారడం లేదు. అయినా అద్దాలెక్కించి, పరదాలు దించి, ఇంజన్ నడుస్తుండగా లోపల ఒంటరిగా కూర్చున్నాడు. ఖుద్దూస్ బయట తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మాటిమాటికీ అద్దం మీద కొట్టి "మొయిన్, మంచిగున్నవా?" అని అడిగాడు.

చివరికి మొయినుద్దీన్ దిగాడు. చెమటతో తడిసిపోయాడు, తల మాత్రం తేటగా ఉంది.

"పెళ్లికి కారు నేనే నడుపుత."

"నడుపు." ఖుద్దూస్ నేల చూస్తూ అడిగాడు. "నన్ను మాఫ్ చేసినవారా?"

"ఇంకా లే." అన్నాడు మొయినుద్దీన్. "కొల్లాపూర్‌ల ముందుగాల ఖబరస్తాన్ కాడ ఆపుత. నువ్వు గూడ నాతోని దిగు. అబ్బా ముంగట నిలబడి అడుగు."

అంటూ స్టీరింగు ముందుకెక్కాడు. ఖుద్దూస్ వచ్చి తమ్ముడి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.