లేజర్‌కు పట్టిన చెమట

"నీ చెల్లెలి ఫోటో అమ్ముడుపోయింది."

పెద్దాయన ఆ మాటను ఫైలు మూసేస్తూ మామూలుగా అన్నాడు. ఆ సీక్రెట్ సర్వీస్‌కు ఆయనే చీఫ్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ అక్క. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆమెను అలాగే పిలుస్తుంది. కానీ నిజంగా అక్కా అని పిలిచే హక్కు ఉన్నది ఒక్కర్తికే. ఆ ఒక్కర్తీ ఇప్పుడు శత్రుదేశపు ఆయుధాల ఫ్యాక్టరీలో దొంగపేరుతో టైపిస్టు ఉద్యోగం చేస్తోంది.

చెల్లెలు కాస్త దగ్గితే ఆస్పత్రి దాకా, ఫోను ఎత్తకపోతే శ్మశానం దాకా వెళ్లొచ్చే మనసు అక్కది. ఈసారి మనసుకు ఆ శ్రమ లేదు. భయపడ్డదే నడిచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎవరమ్మారు?"

"తెలీదు."

"మరేం తెలుసండీ మీకు? పంపేటప్పుడు నా బాధ్యత అన్నారు. తలమీద చెయ్యి కూడా పెట్టారు. ఆ చెయ్యి ఇప్పుడేం చేస్తోంది, ఫైళ్లు మూస్తోందా?"

"అరిచి ప్రయోజనం లేదు. విను. శుక్రవారం సాయంత్రం శత్రుదేశం ఓడ మన రేవు ముందు నుంచి వెళ్తుంది. ఫోటో కొన్న ముఠావాళ్లు గట్టుమీది లాడ్జి నాలుగో అంతస్తు నుంచి దాన్ని లేజర్ వెలుగులో ఓడకు పంపుతారు. వైరు లేదు, రేడియో లేదు. మనం మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు."

"రెయిడ్ చెయ్యండి."

"చేస్తే మనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. వెంటనే ఫ్యాక్టరీ గేట్లు మూసేస్తారు. శనివారం పొద్దున్నకు నీ చెల్లెలు సరిహద్దు దాటుతుంది. అప్పటిదాకా అంతా మామూలుగా ఉండాలి. మెషీన్ తనంతట తానే పాడైనట్టుండాలి."

ఆయన ప్లాన్ చెప్పాడు. వాళ్లు కొన్నది చెక్కమీద బొమ్మలు కాల్చుకునే సరదారాయుళ్లు వాడే డయోడ్ లేజర్. అనుమానం రాదని దాన్ని ఎంచుకున్నారు. అయితే ఫోటో మొత్తం వెళ్లాలంటే అది చాలాసేపు మిణుకుతూనే ఉండాలి. సరిగా చల్లబరచకపోతే డయోడ్ వేడెక్కి మసకబారుతుంది. చల్లబరిచే సామాను అమ్మే షాపు ఊళ్లో ఒక్కటే ఉంది. ఆ కౌంటర్లో అక్క కూర్చోవాలి. ఫ్యాన్, వేడిని లాగే లోహపు దిమ్మె హీట్ సింక్ అమ్మి, రెండు లోహాల మధ్య పూసే థర్మల్ పేస్ట్ మాత్రం ఇవ్వకూడదు. పేస్ట్ లేకపోతే వేడి హీట్ సింక్‌లోకి దిగదు.

"కొనడానికి వచ్చేది మెరుపు. ఆ ముఠాలో, అదే రింగ్‌లో, మన మనిషి. ప్లాన్ తనకు చెప్పాను."

మెరుపు పేరు వినగానే అక్కకు కాస్త ఊపిరాడింది. మెరుపు అందగత్తె, మాటకారి. అక్కాచెల్లెళ్ల ఇంట్లో నెలల తరబడి వాళ్ల కంచాల్లోనే తిని, వాళ్ల దుప్పట్లోనే పడుకున్న పిల్ల.

కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ అక్కకు వినబడినవన్నీ ఫిర్యాదులే. ఒకరి ఫ్యాన్‌లో దుమ్ము, ఇంకొకరి నీళ్ల పైపు లీకు. వేణువుల మీద లేజర్‌తో పేర్లు చెక్కే ఫ్లూటు మాస్టారైతే డబ్బా తెచ్చి బల్లమీద కొట్టాడు.

"అమ్మా, పెల్టియర్ ప్లేటు అన్నారు, కరెంటు పెడితే ఐసులా ఉంటుందన్నారు. ఎండాకాలం బ్రహ్మాండంగా పనిచేసింది. వానలు పడగానే లెన్స్‌కి చెమట పట్టింది. బోర్డులోకి నీళ్లు దిగి చచ్చింది!"

"మరి ఎంత చల్లగా ఉండాలి మాస్టారూ?"

"గదిలో గాలి ఎంత చల్లగా ఉందో అంత చాలమ్మా. దానికి ఫ్యాన్ చాలదూ? నా అత్యాశ."

గురువారం మెరుపు వచ్చింది. నల్లకళ్లద్దాలు, మడమల చెప్పులు. పక్కన రింగ్ ఇంజనీరు.

"మా తమ్ముడి లేజర్ బాగా కాలుతోందండీ," అంది మెరుపు. అది కోడ్.

"కాలేదాన్ని ఊదితే చల్లారుతుంది," అంది అక్క. అదీ కోడే.

ఇంజనీరు సిగరెట్ వెలిగించుకోవడానికి బయటికి నడిచాడు. అక్క ఫ్యాన్, హీట్ సింక్ సంచిలో పెట్టింది. మెరుపు సంచిలోకి తొంగిచూసింది.

"పేస్ట్ ఏది?"

అక్క చెయ్యి ఆగిపోయింది. షాపులో ఇద్దరే ఉన్నారు. వినేవాళ్లు లేరు. మరి ఈ నాటకం ఎవరి కోసం? లేజర్ పాడవ్వాలని వచ్చిన మనిషికి పేస్ట్ ఎందుకు?

"ఏంటక్కా అలా చూస్తావు? అనుమానం రాకుండా ఉండాలిగా," అంది మెరుపు, కాస్త తొందరగా.

అక్క ఒంట్లో రక్తం సలసల మరిగింది. చెల్లెలి ఫోటో అమ్మింది ఇదే. తమ ఇంట్లో, తమ గోడమీది ఫోటోనే తీసి ఉంటుంది. ఆ నవ్వే మూతిని బల్లకేసి కొట్టాలనిపించింది. కొడితే చెల్లెలు చస్తుంది. కోపాన్ని మాత్ర మింగినట్టు మింగింది.

"అయ్యో, మర్చేపోయాను తల్లీ. ఇదుగో పేస్ట్." తర్వాత గొంతు పెంచింది. "సార్! ఒక్కసారి లోపలికి రండి. లేజర్ అంతగా కాలుతోందంటే ఈ ఫ్యాన్ ఏం సరిపోతుంది? ఈ పెల్టియర్ ప్లేటుకు కరెంటు పెట్టాను, చూడండి. ఐసు ఐసే!"

ఇంజనీరు ప్లేటు మీద వేలు పెట్టి చూసి మురిసిపోయాడు. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. ఇదే ఇవ్వు." మెరుపు అక్కను జాలిగా చూసి నవ్వింది. బిల్లు తన పేరునే రాయించుకుంది.

"ఫోటో అమ్మింది మెరుపేననడానికి రుజువేంటి?" అన్నాడు పెద్దాయన ఫోన్‌లో.

"అడిగి పుచ్చుకున్న పేస్ట్ గొట్టం. అవతల ఉన్నది మీ చెల్లెలైతే రుజువు అడుగుతారా?"

అవతల పెద్దాయన సొరుగు లాగిన చప్పుడైంది. "ఏం కావాలి? విషం పెన్ను ఉంది, కెమెరా దాచిన చేతిగాజు ఉంది..."

"పెన్ను మీ జేబులో పెట్టుకోండి. నాకు పరదాలకు ఆవిరి పట్టే స్టీమర్ కావాలి, పెద్ద ట్యాంకుది. లాడ్జి యూనిఫాం కూడా."

శుక్రవారం సాయంత్రం లాడ్జి గది తలుపు తట్టినప్పుడు ఆమె తలకు గుడ్డ, మూతికి మాస్క్, గొంతు మారడానికి బుగ్గలో దూది ఉన్నాయి. తలుపు తీసినవాడు బట్టతల, రింగ్ లీడర్. లోపల ఏసీ జోరుగా ఉంది. కిటికీ దగ్గర తువ్వాలు కప్పిన మెషీన్ సన్నగా గుంయ్‌మంటోంది. ముందుగానే చల్లబరుస్తున్నారన్నమాట.

"పరదాలు సార్."

"అక్కర్లేదు, పో."

"మీకక్కర్లేదు సార్, మా మేనేజర్‌కు కావాలి. చెయ్యకపోతే నా జీతం కోస్తాడు. ఆయన్నే పిలుచుకొస్తా, మీరే చెప్పండి."

మేనేజర్ వస్తే తువ్వాలు కింద ఏముందని అడుగుతాడు. బట్టతల పళ్లు కొరికాడు. "తొందరగా తగలడు!"

అక్క తగలడింది. స్టీమర్ బుస్సుమంది. తెల్లటి ఆవిరి పరదాను దాటి, కిటికీని దాటి, తువ్వాలు కిందికి దూరింది. ఆమె గొట్టాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. గొట్టం ఎక్కడ జారిపోతుందో, వీళ్లు ఎక్కడ తిరిగి చూస్తారో, అక్కడ చెల్లెలు ఇప్పటికే... లేదు. ఆమె ట్యాంకు మీట ఇంకాస్త తిప్పింది.

సోఫాలో ఉన్న మెరుపు తలెత్తింది. ఆ చేతుల్ని చూసింది. తనకు ఎన్నోసార్లు వడ్డించిన చేతులు. మొహం పాలిపోయింది. నోరు తెరిచింది.

అక్క తిరిగి చూసింది. ఏమని చెబుతుంది? ఈమె గూఢచారి అంటే, నీకెలా తెలుసంటారు. డిపార్ట్‌మెంట్‌లో పదేళ్ల ఉద్యోగం సంగతి మెరుపు వీళ్ల దగ్గర దాచిపెట్టింది. రెండు జీతాలు తీసుకున్న నోరు అది. తెరుచుకున్నట్టే మూసుకుంది.

ఓడ కూత వేసింది.

"ఇక బయటికి పో!" అరిచాడు బట్టతల.

"వైరు చుట్టుకోనివ్వండి సార్."

ఇంజనీరు తువ్వాలు లాగి స్విచ్ వేశాడు. సూదిలా వెళ్లాల్సిన నీలి వెలుగు పొగమంచులో వీధిదీపంలా చెదిరిపోయింది. లెన్స్ నిండా నీటిబొట్లు. ప్లేటు అంచు నుంచి చుక్కలు బోర్డు మీదికి కారుతున్నాయి. తుడవబోయాడు. చిటుక్కుమంది. చీకటి. కాలిన వాసన.

రేవులో ఓడ మెల్లగా ముందుకు సాగిపోయింది.

"ఈ ప్లేటు ఎవడు కొనమన్నాడు?" బట్టతల గొంతు చీరుకుపోయింది.

ఇంజనీరు చటుక్కున మెరుపు వైపు వేలు చూపించాడు. "ఆ షాపుకు తీసుకెళ్లింది ఈవిడే! బిల్లు ఈవిడ పేరు మీదే ఉంది!"

చెంప పగిలిన చప్పుడు వరండా దాకా వినబడింది. అక్క స్టీమర్ ఎత్తుకుని గుమ్మంలో ఆగింది.

"సార్, బాత్రూం పరదా కూడా చెయ్యమంటారా?"

"పో!"

గదిలోంచి మెడపట్టి గెంటేస్తే మెరుపు మెట్లు దిగేసరికి కింద పెద్దాయన కారు తలుపు తెరుచుకుని ఉంది. పక్కసీట్లో అక్క మాస్క్ తీస్తోంది.

"అక్కా, నన్ను బలవంతం చేశారు..."

"ఆ మాట నీ నోట ఇంకోసారి వచ్చిందో, స్టీమర్‌లో నీళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. మా కంచంలో తిని మా పిల్లనే అమ్ముకుంటావా?" పెద్దాయన మెరుపును వెనకసీట్లోకి తోసి కారు కదిలించాడు.

శనివారం పొద్దున ఫోను మోగింది. మొదటి మోతకే అక్క ఎత్తింది.

"అక్కా, దాటేశాను! కొండమీద గెస్ట్‌హౌస్‌లో ఉన్నా. భలే చల్లగా ఉంది, కిటికీలన్నీ తెరిచేశా!"

అక్క కళ్లు తుడుచుకుంది. తర్వాత గట్టిగా కసిరింది.

"ముందు కిటికీలు మూసి చావు. చలవ ఎక్కువైతే ఏమవుతుందో నిన్ననే నా కళ్లతో చూశాను."