మార్విక్ కిటికీలో మాయమైన ముఖం

ఇటు దగ్గరికి జరిగి కూర్చోమ్మా, ఆ ఫోను బోర్లా పెట్టి విను. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున మార్విక్ అని చిన్న ఊరు. గాలికి గొడుగు తిరగబడని రోజుండదక్కడ. మన వీరాంజనేయులు డాక్టరు గారు ఆ ఊరికి జీపీగా, అంటే ఊరందర్నీ చూసే డాక్టరుగా ఉండి, అక్కడే పోయారు. పోయాక ఊరివాళ్ళు చందాలేసుకుని, చర్చి పక్క హాల్లో ఆయన జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీ పెట్టించారు. బొమ్మ ఎలా ఉంటుందో బయటపెట్టలేదు. ఆదివారం ఆవిష్కరణ అనగా, శనివారం పొద్దున తెర తీసి చూస్తే అందులో ఒక ముఖం లేదు.

ఆ మధ్యాహ్నమే లీడ్స్‌లో డిటెక్టివ్ మానస గుమ్మంలో డెరెక్ నిలబడ్డాడు. హాలు చూసుకునే మనిషి. టోపీని చేతుల్లో పిండేస్తున్నాడు.

"డాక్టరు గారి భార్య మీ దగ్గరికి వెళ్ళమన్నారు మేడమ్. తాళాలు నా దగ్గరుంటాయి కాబట్టి కిటికీలో ముఖం నేనే తీశానంటున్నారు ఊళ్ళోవాళ్ళు. రేపటికల్లా అది దొరక్కపోతే ఉద్యోగం పోతుంది. నేనుండే గది కూడా హాలుదే, అదీ పోతుంది."

"మిమ్మల్నే ఎందుకనుకున్నారు?"

"పాత తెల్లద్దాలే బావుండేవన్నాను. తుడుచుకోవడం తేలికని."

"ఎవరితో అన్నారు?"

"అందరితోనూ."

మానస నుదురు కొట్టుకుంది. పక్కనున్న రమణ గారు కారు తాళాలు తీశాడు. బస్సు డ్రైవరుగా రిటైరై ఆమెకి అసిస్టెంటుగా చేరినవాడు. మేడమ్ నుదురు కొట్టుకుందంటే కేసు సగం తెమిలినట్టేనని ఆయన నమ్మకం.

హాల్లో నల్లతెర పక్కకి లాగి చూశారు. బొమ్మలో డాక్టరు గారు సంచీ పట్టుకుని రేవు మెట్లెక్కుతున్నారు. పైన చీర కట్టుకున్న ఒకావిడ లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మెడ మీద ముఖం ఉండాల్సిన చోట కన్నం, అందులోంచి సముద్రపు గాలి ఈల వేస్తోంది. కింద గాజు పెంకు ఒక్కటీ లేదు. అద్దాల్ని పట్టి ఉంచే సీసపు పట్టీలు లోపలివైపు ఒద్దికగా విప్పి ఉన్నాయి.

"సీసం మెత్తన. చెంచా కాడతో విప్పొచ్చు," అంది మానస. "పగలగొట్టాలనుకున్నవాళ్ళు ఇంత జాగ్రత్త పడరు."

శుక్రవారం పూలు అలంకరించడానికని హాలు రోజంతా తెరిచే ఉందట. కిటికీ బిగించగానే తెర మాత్రం వేసేశామని ఆ చర్చి పాస్టరమ్మ చెప్పింది.

బయటికెళ్ళి రోడ్డు మీంచి చూశారు. పట్టపగలు కిటికీ మొత్తం పలకలా నల్లగా ఉంది.

"ఇదేంటి మేడమ్, లోపల అన్ని రంగులుంటే!"

"వెలుగు వెనక నుంచి పడితేనే రంగు కనబడేది రమణ గారూ."

అక్కణ్ణుంచి డాక్టరు గారింటికి వెళ్ళారు. ఇక చూడు తిప్పలు. ఒక్కరు తిన్నగా జవాబు చెబితే ఒట్టు. కొడుకు రఘు నార్తాంప్టన్ నుంచి వచ్చాడు గాని, ఆఫీసు ఫోను చెవి దిగదు.

"నిన్న హాలుకి వెళ్ళారా?"

"ఒక్క నిమిషం, కాల్‌లో ఉన్నా." ఆ నిమిషం అరగంటయ్యాక వచ్చి, "వెళ్ళాను. ఆ కిటికీ అంటే నాకూ ఇష్టం లేదు. అది ఉంటే అమ్మ ఈ ఊరు కదలదు. అంతమాత్రాన దొంగతనం చేస్తానా?" అన్నాడు.

డాక్టరు గారి చెల్లెలు పుష్పలీల స్టాన్‌మోర్‌లో కూతురి దగ్గర ఉంటుంది, వేడుకని వచ్చింది. వంటిల్లు మొత్తం ఆవిడ చేతిలోనే.

"హాల్లోకి వెళ్ళారా ఆంటీ?"

"ముందు టీ తాగమ్మా."

"తాగాను. వెళ్ళారా?"

"అడుగు కూడా పెట్టలేదు. రోడ్డు మీంచే చూశా. మా వదిన బొట్టు కుంకం రంగులో ఎంత మెరిసిపోతోందో! ఇంకో పూరీ వెయ్యనా?"

"అన్నం లేదామ్మా?" అన్నాడు రమణ గారు దీనంగా.

"నిన్న రాత్రి చపాతీలు, పొద్దున ఉప్మా, ఇప్పుడు పూరీలు," అని రఘు విసుక్కున్నాడు. "మా అత్తకి ఏమైందో!"

"డబ్బా నిండా బియ్యం ఉన్నాయి. నన్ను వంటింట్లోకి రానిస్తేగా," అంది డాక్టరు గారి భార్య బిందుమాధవి.

మానస పూరీ కిందపెట్టి పుష్పలీల వైపు చూసింది.

ఆదివారం అతిథులు రాకముందే అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"తీసింది డెరెక్ కాదు. పుష్పలీల ఆంటీ, రోడ్డు మీంచి బొట్టు రంగు చూశానన్నారు. లోపల నల్లతెర, బయట పగలు. ఆ కిటికీ బయటికి పలకలా ఉంటుంది. ఆ ఎరుపు చూడాలంటే లోపలికొచ్చి తెర ఎత్తాల్సిందే. ఇంకో సంగతి. ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని మనవాళ్ళు అన్నం వండకుండా ఉంటారా? బియ్యం డబ్బాలోకి గ్లాసు దింపడం మీకు భయం. రమణ గారూ, తెరవండి."

రమణ గారు ఆ డబ్బా ముందే మోసుకొచ్చి పెట్టాడు. చెయ్యి పెట్టి, పట్టు రవిక గుడ్డలో చుట్టిన గాజు ముఖం బయటికి తీశాడు. బొట్టు చెక్కుచెదరలేదు.

పుష్పలీల భోరుమంది. "చనిపోయినవాడి పక్కన బతికున్న మనిషిని నిలబెడతారా? అన్నయ్య పోయాడు. వదిన కూడా పోతే నాకెవరున్నారు? పగలగొట్టడానికి చేతులు రాలేదు. చందాలేసిన వాళ్ళ మొహాన వద్దని ఎలా చెప్పను?"

"నాతో చెప్పొచ్చుగా పుష్పా!" బిందుమాధవి గొంతు పెరిగింది. "ఆ బొమ్మ వెయ్యమన్నదే నేను. పేషెంట్ల కోసం ఆయన ఏ వేళప్పుడు వెళ్ళినా, ఆ మెట్ల మీద లైటు పట్టుకు నిలబడ్డది నేను. అది టార్చిలైటు, వీళ్ళు లాంతరు చేశారు, పోనీ. నేను పోయాక పెడితే నాకేం కనబడుతుంది? నాకేమవుతుందోనని నీకు భయం పట్టింది గాని, ఇల్లు పోతుందని ఈ డెరెక్ వణుకుతుంటే పూరీలు వత్తుతూ కూర్చున్నావా?"

పుష్పలీల లేచి డెరెక్ ముందు చేతులు జోడించింది. ఆయనకేం చెయ్యాలో తోచక తనూ జోడించాడు. పాస్టరమ్మ సిగ్గుపడి, ఉద్యోగమూ గదీ నీవేనంది. అద్దాలు బిగించే ఆయన వచ్చి ముఖాన్ని మళ్ళీ పట్టీల్లో కూర్చోబెట్టాడు. నిచ్చెన కింద టార్చిలైటు పట్టుకు నిలబడింది ఎవరనుకున్నావు? పుష్పలీలే.

ఆ పూట అన్నం వండారు. రమణ గారు మూడోసారి మారు అడిగాడు.

ఒళ్ళు మండే మాట ఒకటి చెబుతా. ఆ ఊళ్ళో ఇప్పటికీ కొందరు "అద్దం ఎత్తుకుపోయిన డెరెక్" అంటారు. అందుకే ఇది గుర్తుంచుకో తల్లీ. నలుగురు కూర్చున్నచోట చెప్పు. తక్కినవాళ్ళ పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు, డెరెక్ తియ్యలేదన్న మాట మాత్రం వదలకుండా చెప్పు.