ముట్టుకోకూడని చేప

"రండి పిన్నిగారూ, లోపల వెచ్చగా ఉంది!" అంటూ షుచిన్ తలుపు తీసింది. మా అమ్మ వెనకే వచ్చిన నేను లోపలికి చూసి గుమ్మంలోనే నోరు తెరిచేశాను.

ఇది ఆమె ఇల్లేనా? లాన్‌జౌ బడిలో పాఠాలు చెప్పే మా జీతాలెంతో నాకు తెలియదా! పైగా కిందటి నెలే ఇంటి పైకప్పు బాగుచేయించి జేబు ఖాళీ చేసుకుంది పాపం. అలాంటిది బల్ల మీద తెల్లటి గుడ్డ, ముల్లంగితో చెక్కిన గులాబీలు, ఎర్ర కొవ్వొత్తులు, పొగలు కక్కే మాంసం కుడుములు. మధ్యలో అల్లం తురుము కప్పుకుని, నల్లని పులుసులో మెరుస్తూ మూరెడు చేప!

"ఆ గుడ్డెక్కడిది?" గుసగుసగా అడిగాను.

"నా దుప్పటి. ఇస్త్రీ చేశాను. నోరు మూసుకుని కూర్చో."

అది కొత్త సంవత్సరపు విందు. మామూలుగా అయితే పండక్కి నేనే మా ఊరు వెళ్లాలి. కానీ సముద్రపు ఒడ్డున చేపల కొట్టు నడిపే మా అమ్మ, "ఆ పిల్లను చూస్తేగానీ ఊరుకోను" అని తనే రైలెక్కి వచ్చేసింది. అమ్మకు నా ప్రేమ సంగతంతా చెప్పాను. షుచిన్‌కి మాత్రం ఒక్క ముక్కా చెప్పలేదు. అమ్మ మెచ్చితే ఇవాళే చెప్పేయాలి. మెచ్చకపోతే? 

షుచిన్ చేప తలను మర్యాదగా అమ్మ వైపు తిప్పి పెట్టింది. అమ్మ మొహం వెలిగిపోయింది.

"కుడుములు తీసుకోండి పిన్నిగారూ. చేపను మాత్రం అలాగే ఉంచేద్దాం, పండగనాడు చేప మిగిలితే వచ్చే ఏడంతా ఇంట్లో మిగులేనని మా వైపు నమ్మకం."

"మా వైపు తలా తోకా మిగిలితే చాలమ్మా! పొట్ట ముక్క ఇంటి పిల్లకే పెట్టాలి" అంటూ అమ్మ చేతిలోని తినే పుల్లలు చేప మీదికి వెళ్లాయి.

"అయ్యో, వద్దు పిన్నిగారూ!"

టక్!

అమ్మ ఆగింది. మళ్లీ పొడిచింది. టక్, టక్.

"చెక్క!" అంది అమ్మ. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్యే బతికిన మనిషి! ఆమె అంతగా బిత్తరపోవడం నేనెన్నడూ చూడలేదు.

షుచిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కరువొచ్చిన ఏడు మా తాత చెక్కాడు పిన్నిగారూ. పండక్కి చేపల ధర మండిపోతోంది. చేప కొంటే మాంసానికి లేదు. మా వైపు చేపనెవరూ ముట్టుకోరు గదా అని పెట్టేశాను. మిమ్మల్ని మోసం చేద్దామని కాదు."

అయిపోయింది, నా పెళ్లి గంగలో కలిసింది అనుకున్నాను.

అమ్మ పుల్లలకు అంటిన పులుసు నాకి చూసింది. ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందా? కాదు, నవ్వుతోంది!

"చేపలమ్మే నన్నే బోల్తా కొట్టించింది! వచ్చినవాళ్లకు లోటు కనిపించకూడదని ఇంత తాపత్రయపడిందిరా. నాకీ పిల్లే కావాలి. ఒరే హైబో, వసంతంలోనే మీ పెళ్లి!"

షుచిన్ చేతిలోని గరిటె కిందపడింది. "పెళ్లా? ఎవరికి?"

"అమ్మా! నేనింకా తనతో చెప్పనేలేదే!" అని గొల్లుమన్నాను.

"ఏమిటీ? చెప్పలేదా? మరి నేనెందుకురా అంత దూరం రైల్లో కుదుపులు తిన్నాను, దద్దమ్మా!"

షుచిన్ చెవుల దాకా ఎర్రబడింది. నాకైతే బల్ల కింద దూరిపోవాలనిపించింది.

"చెప్పు" అంది షుచిన్.

"ఇప్పుడా? అమ్మ ముందా?"

"ఇంకేం మిగిలింది దాచడానికి? కుడుములు చల్లారిపోతున్నాయి."

చెప్పాను. నత్తి నత్తిగా, చెమటలు కక్కుతూ, నువ్వంటే ఇష్టమని చెప్పాను.

షుచిన్ గరిటె తీసి తుడిచింది. అన్నిటికన్నా పెద్ద కుడుము ఏరి, అమ్మ గిన్నెలో వేసింది.

"తినండి అత్తయ్యా" అంది.