సంతకం పెట్టని అమ్మాయి

"పెట్టను," అంది ఆ అమ్మాయి, పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకుంటూ.

కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసేది ఆమే. చూపు బాగుందని ఆమె సంతకం పెడితేనే డాక్టరు సర్టిఫికెట్టు ఇస్తారు. అది లేనిదే నాయనమ్మ డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ కాదు. నాయనమ్మంటే ఆషామాషీ మనిషి కాదు. డెబ్బై ఒక్కేళ్ల ఆవిడ ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపింది. పక్క సీట్లో కూర్చుని, నేర్పేవాళ్ల కోసం ఉండే రెండో బ్రేకు మీంచి కాలు తియ్యదని శిష్యులంతా చాటుగా 'బ్రేకు మామ్మ' అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మీసం లేదు గానీ, ఉంటే మెలేసేది.

ఆర్నెల్ల కిందట రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. "నా కళ్లు కొత్తవి!" అని వీధి వీధంతా చాటింది. తీరా ఇప్పుడు ఈ అమ్మాయి అడ్డుపుల్ల వేస్తోంది.

ఆవిడని వెంటబెట్టుకొచ్చిన మనవడికి ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ స్కూల్లో పాఠాలు చెప్పేది అతనే. ఆ మంటకి ఇంకో కారణం కూడా ఉంది. నెల రోజులుగా ఈ అమ్మాయి పొద్దున్నే అతని దగ్గరే కారు నేర్చుకుంటోంది. నిన్న రివర్సులో గోడని గుద్దబోతే అతను గట్టిగా కేకలేశాడు.

"నా మీద కోపం మా నాయనమ్మ మీద తీర్చుకుంటున్నారా మేడమ్?"

"ఆ గోడకేం కాలేదు మాస్టారూ. మీ గొంతే ఇంకా తగ్గలేదు."

"మరేంటి? చివరి వరుసదాకా గడగడా చదివిందిగా! బయట బెంచీ మీద కూర్చుని నేనూ విన్నాను."

"అదే మరి. మీకు వినిపించినట్టే, అంతకుముందు ఆవిడకీ వినిపించింది. లోపలికి రండి. కళ్లు చార్టు మీద పెట్టండి, నోరు మాత్రం మెదపకండి."

పరీక్ష గదికి తలుపు బదులు ఒట్టి తెర. లోపల ఎవరు చదివినా బయట బెంచీ మీదున్న వాళ్లందరికీ వినిపిస్తుంది. నాయనమ్మ ఆ బెంచీ మీద గంటసేపు కూర్చుంది. అనుమానం వచ్చిన ఆ అమ్మాయి ఇందాకే చార్టు మార్చింది. పై రెండు వరుసలూ పాతవే, కింది అక్షరాలు వేరు.

"మామ్మగారూ, ఇంకొక్కసారి చదవండి."

నాయనమ్మ ఒక కన్ను మూసుకుని మొదలుపెట్టింది. రెండు వరుసలు సరిగ్గా వచ్చాయి. మూడో వరుసలో "టి, జెడ్, వి" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

చార్టు మీద హెచ్, ఎన్, ఆర్ ఉన్నాయి. మనవడు చప్పున ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

నాయనమ్మకి సంగతి అర్థమైంది. "పాఠం మార్చేశావా తల్లీ?" అంది, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. తర్వాత మనవడి వైపు తిరిగింది. "రెండు నెలల్నుంచీ మళ్లీ మసకేరా. మోకాలి నొప్పని చెప్పి కారు ముట్టుకోలేదు. ఆపరేషన్ ఫెయిలైందనుకున్నాను. ఊరంతా చాటుకున్నాక ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా తాళాలు లాక్కుంటావేమోనని భయమేసింది."

ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. "ఫెయిలేం కాలేదు మామ్మగారూ. కొత్త లెన్సు వెనకాల ఉండే పొర కొంతమందికి కొన్నాళ్లకి మసకబారుతుంది. మీదీ అదేనేమో డాక్టరుగారు చూసి చెప్తారు. అదే అయితే లేజరుతో కొద్ది నిమిషాల పని. నేనివాళ సంతకం పెట్టేసి ఉంటే మీరు ఎవరికీ చెప్పేవారే కాదు."

"సారీ," అన్నాడు మనవడు, నేల చూపులు చూస్తూ. "నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి."

డాక్టరు చూశారు. అదే. రెండు కళ్లకీ లేజర్ చేశారు.

ఆ వారమంతా పొద్దుటి పాఠాల్లో మాస్టారి గొంతు వింతగా మెత్తబడింది. ఒక రోజు సన్నగా వాన పడుతుంటే, ఆమె రివర్సు గేరు వేస్తుండగా అనేశాడు.

"మీరు పెట్టనన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే గర్వంగా ఉంది. కానీ మిమ్మల్ని చూసి గర్వపడ్డానికి నేనెవర్ని? ఆ హక్కు ఇస్తారా?"

"ఇప్పుడు మాట్లాడించకండి. గోడుంది."

కారు రెండు గీతల మధ్య బుద్ధిగా ఆగింది. ఆమె హ్యాండ్ బ్రేకు లాగి, అతని వైపు తిరిగి, "ఇచ్చాను," అంది.

మళ్లీ పరీక్ష రోజున ఆమె ఎవరూ వినని చార్టు తెచ్చింది. నాయనమ్మ ఒక్కో అక్షరాన్నీ చూసి, చూసి, నెమ్మదిగా చదివింది. రెండు కళ్లతోనూ చివరి వరుసదాకా వెళ్లింది. తెర పక్కకి లాగి బెంచీ మీద వాళ్లందరికీ, "ఈసారి బట్టీ కాదర్రా!" అని ప్రకటించింది. ఆ అమ్మాయి సంతకం పెడుతుంటే మనవడికి ఎవర్ని చూసి పొంగిపోవాలో తెలియలేదు. ఇద్దర్నీ చూసి పొంగిపోయాడు.

లైసెన్సు వచ్చిన రోజు స్టీరింగు ముందు నాయనమ్మే కూర్చుంది. వాళ్లిద్దర్నీ వెనక సీట్లోకి తోలింది. సిగ్నల్ దగ్గర ఆగి అద్దంలోకి ఒక్క చూపు చూసింది.

"ఒరేయ్, చెయ్యి వదలక్కర్లేదు. నాకన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏమ్మా, మీ అమ్మానాన్నలు ఈ వేళకి ఇంట్లో ఉంటారా?"

"ఉంటారు మామ్మగారూ," అంది ఆ అమ్మాయి, చెయ్యి వెనక్కి తీసుకోకుండానే. "కుడి వైపు తిరగాలి."

పచ్చ లైటు పడింది. బ్రేకు మామ్మ బ్రేకు మీంచి కాలు తీసింది.