అలసందాకు తినని టీచరమ్మ

స్కోవియా మా పిల్లల ఊరికి వచ్చిన మొదటి మధ్యాహ్నమే మా ఇద్దరికీ తగవు వచ్చింది. దేవుడి ముందు అబద్ధమెందుకు, మొదలుపెట్టింది నేనే.

ఉగాండాలో మసాకా పట్నానికి అవతల కొండవాలులో పన్నెండు ఇళ్లు, అదే పిల్లల ఊరు. ఇంటికి పదిమంది కన్నవాళ్లు లేని పిల్లలు, వాళ్లకొక అమ్మ. నేను నాలుగేళ్లప్పుడు అక్కడ చేరాను. పెరెపెట్వా అమ్మ ఇంట్లో పెరిగాను. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి అక్కడి పొలం పనంతా నా చేతికే వచ్చింది. పురుగుమందు డబ్బా గేటు దాటని పొలం అది. పేడ, కాఫీ పొట్టు, అరటాకులు కుళ్లబెట్టి ఎరువు చేసేవాళ్లం. పురుగు పడితే బూడిద, మిరపకాయ నీళ్లు. ఆ ఏడాది అలసంద ఏపుగా పెరిగింది. మొదటి లేత ఆకు నేనే కోసి, నేనే మోసుకొచ్చి వంటింట్లో ఇచ్చాను.

కంపాలా నుంచి మూడు నెలలు వలంటీరుగా చదువు చెప్పడానికి వచ్చిన అమ్మాయి ఆ కూరను కంచం అంచుకు తోసేసి, ఉత్త అరటికాయ ముద్ద తింటోంది.

"పేడలో పెరిగిన ఆకు కదండీ, పట్నం నోటికి వాసనేస్తోందేమో" అన్నాను, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా వినేలా.

ఆమె తల ఎత్తింది. "మాది అలసంద వంశం. మీ వంశం వాళ్లు ఏది తినరో మీకు తెలియదా?"

బల్ల చుట్టూ పిల్లలు తలలు దించుకున్నారు. తండ్రి నుంచి వచ్చే వంశం ఏదో, ఆ వంశానికి పేరిచ్చిన దేన్ని నోట పెట్టకూడదో మా గాండా తెగ పిల్లలకు మాటలతోపాటే వస్తుంది. తండ్రి ఎవరో తెలియని నాకు రాలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో సగం మందికి రాలేదు.

ఆమెకు అర్థమైంది. కంచం వదిలేసి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎరువు గుంట దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా బుట్ట అందుకుంది. రెండో బుట్టకే కాలు జారి మోకాళ్ల దాకా గుంటలో దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చెయ్యిచ్చి పైకి లాగి, పట్నం వాసన కొంచెం తగ్గిందన్నాను. "క్షమించమని అడగడానికి వచ్చాను, ఎరువుగారూ. ఇప్పుడు అడగను" అంది.

ఆ పేరు పిల్లల నోట పడి మూడు నెలలు నన్ను వదల్లేదు. నేను ఆమెను టీచరమ్మా అనేవాణ్ణి. వాన వస్తే ఒకే అరటాకు కింద ఇద్దరం నిలబడేవాళ్లం. ఆకు సగం చిల్లులే. మరో ఆకు కోసుకుందామని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

వాన వెలిశాక చెదపుట్టల మీద పుట్టగొడుగులు లేచేవి. వేరుశనగ పులుసులో వండించి, ఆకులో పొట్లం కట్టి బడి దగ్గరికి తెచ్చేవాణ్ణి. ఆమె తింటుంటే నేనూ తినేవాణ్ణి. లోకంలో నాకు అంతకన్నా రుచైనది లేదు. ఇంత ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది ఒకసారి. పెరెపెట్వా అమ్మ నేర్పిందన్నాను.

ఆమె వెళ్లడానికి వారం ఉందనగా ఆదివారం, చర్చి మెట్ల మీద, అడగవలసింది అడిగేశాను. ఆమె జపమాల పూసలు తిప్పుతూ కూర్చుంది.

"మా మేనత్తకు నీ సంగతి రాశాను. తిరుగు ఉత్తరంలో ఒకటే ప్రశ్న, ఏ వంశమని. తెలియదంటే నాన్న ఒప్పుకోడు. ఏ వంశమో తెలియనివాడు మన వంశం వాడే కావచ్చు అంటాడు. అప్పుడు నువ్వు నాకు అన్నయ్యవి." నవ్వుదామనుకుంది. నవ్వు రాలేదు. "ఏదో ఒక వంశం పేరు చెప్పకూడదా, అచిలేయో?"

"చెప్పొచ్చు. రేపు మన పిల్లలు ఆ అబద్ధాన్నే తమ పేరు చేసుకుని బతకాలి."

ఆ వారమంతా రోజూ చర్చికి వెళ్లాను. అందరికీ తండ్రివి నువ్వే అయితే ఈ వంశాలు దేనికని దేవుణ్ణి అడిగాను. అడిగినందుకు భయపడి, క్షమించమని మళ్లీ అడిగాను.

శుక్రవారం వాన పడింది. పెరెపెట్వా అమ్మ పుట్టగొడుగులు కడుగుతోంది. తిననన్నాను. నేను పుట్టగొడుగులు వద్దన్నానంటే ప్రాణం మీదికి వచ్చిందని ఆమెకు తెలుసు. కూర్చోబెట్టి అంతా చెప్పించుకుంది. విన్నాక చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నువ్వు వచ్చిన వారానికి ఇలాగే వాన పడింది నాయనా. ఇవే వండాను. రెండు చేతులతో నోరు మూసుకుని, మనం తినకూడదని నాన్న చెప్పాడన్నావు. మారాం అనుకున్నాను. పదిమంది పిల్లలకు పది కూరలు ఎక్కడ వండను? మూడు రోజులు అదే పెట్టాను. మూడో రోజు ఆకలికి తిన్నావు."

నేను గిన్నెలోని పుట్టగొడుగుల వైపు చూశాను.

"మీ నాన్న మాట విన్నది నేనొక్కదాన్నే. విని కూడా మింగించాను. తర్వాత నువ్వు ఇష్టంగా తింటుంటే, చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె చేతులు పట్టుకున్నాను. పుట్టగొడుగుల తడి ఇంకా ఉంది వాటికి.

శనివారం స్కోవియా, పెరెపెట్వా అమ్మ, నేను ముగ్గురం బస్సులో కంపాలా వెళ్లాం. స్కోవియా వాళ్ల నాన్న తపాలా ఆఫీసులో రిటైరైన మనిషి. సంతకం చూడనిదే దేన్నీ నమ్మే రకం కాదు. పెరెపెట్వా అమ్మ ఆయన ముందు చాప మీద మోకరిల్లి తన తప్పంతా దాచకుండా చెప్పింది. ఆ వయసులో మళ్లీ లేవడానికి నేను పట్టుకోవలసి వచ్చింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పెళ్లి కుదర్చడానికి గొప్పలు చెప్పినవాళ్లను చూశాను. తన తప్పు చెప్పుకోవడానికి ఇంత దూరం వచ్చిన మనిషిని చూడలేదు. అబ్బాయీ, పుట్టగొడుగు వంశం పెద్దల దగ్గరికి వెళ్లు. వాళ్లు నిన్ను మావాడే అన్నాక రా. అప్పటిదాకా మా అమ్మాయికి వేరే సంబంధం చూడను."

భోజనాలు వచ్చాయి. మేనత్త నా కంచంలో ముద్ద పక్కన వేరుశనగ పులుసులో పుట్టగొడుగులు వడ్డించింది. పరీక్షో, వానాకాలమని వండిందో ఇప్పటికీ చెప్పదు. ఆవిరి మొహానికి తగిలింది. నోట్లో నీళ్లూరాయి. కూరను మెల్లిగా కంచం అంచుకు తోసి, ఉత్త ముద్ద తినడం మొదలుపెట్టాను.

పెరెపెట్వా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎదురుగా స్కోవియా గొంతు వినబడింది.

"పట్నం వంట కదండీ, ఎరువుగారికి వాసనేస్తోందేమో."

ముందుగా నవ్వింది వాళ్ల నాన్నే.

వంశం పెద్దలు నన్ను నాలుగుసార్లు తిప్పించుకుని, ఐదోసారి ఒక పేరు పెట్టి తమలో కలుపుకున్నారు. ముప్పై ఏళ్లైంది. మా పిల్లలు నా వంశం వాళ్లు, పుట్టగొడుగు ముట్టరు. అలసందాకు మాత్రం వాళ్లకు ప్రాణం. స్కోవియా నాలుక మీద పెట్టి చూడకుండానే వండుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఉప్పు తప్పలేదు.