యాభై గజాల రిసీవర్

"ఫణీ, భయమేస్తోందా?" అని అడిగారు చీఫ్ వీరరాఘవులు.

"వేస్తోంది సార్."

"మంచిది. వేయనివాళ్లను ఈ పనికి పంపను."

అది తొంభై ఎనిమిది మార్చి. శంషాబాద్ పొలాల్లో కొత్త ఎయిర్‌పోర్టు కోసం స్థలం కొలుస్తున్న సర్వే టెంటును ఓ విదేశీ ముఠా సాయంత్రం నాలుగింటికి రిమోట్‌తో పేల్చబోతోంది. లోపల పదకొండు మంది. ఖాళీ చేయిస్తే ముందే బటన్ నొక్కేస్తారు. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ సంయుక్త, రిమోట్ మనిషి తుక్కుగూడ వైపు రెండు కిలోమీటర్ల దూరంలో కారులో ఉంటాడని చెప్పింది. టెంటులో వేషం మార్చి బాంబు వెతుకుతున్న ఒక్క మనిషి తప్ప ఫోర్సంతా అటే పోయింది. రిమోట్ విడిభాగాలు కోఠీలో కొన్నారట. అవేమిటో కనుక్కుని, వాటి నోరు మూయించే సాధనం తేవడం ఫణి పని.

కోఠీ సందులో దశరథం కొట్టు. అగ్గిపెట్టెకన్నా చిన్న రేడియో మాడ్యూళ్లు. ఏ ముక్కనైనా బజర్‌కు కలిపి మోగించి చూపిస్తే గానీ దశరథం చేతికివ్వడు.

"రిసీవర్లు రెండు రకాలన్నా. క్రిస్టల్‌ది పిరెం, గానీ తన స్టేషన్ తప్ప వేరేది ఇనదు. కాయిల్‌ది అగ్గువ. పక్కన ఎవడు గట్టిగ అరిస్తే వాని మాటే ఇంటది. నువ్వడిగిన గా సూటాయన మొన్న అగ్గువదే కొన్నడు."

"ఎంత దూరం పనిచేస్తుంది?"

"యాభై గజాలు. గంతకు మించితే నా జిమ్మేదారి కాదు."

ఫణి వెంటనే ఫోన్ అందుకున్నాడు. రెండు కిలోమీటర్ల మాట పచ్చి అబద్ధం. చీఫ్‌కు ఫోన్ చేస్తే ఆయన అప్పటికే తుక్కుగూడ దారి పట్టారని ఆఫీసులో చెప్పారు.

"నాకొక ట్రాన్స్‌మిటర్ కావాలి. కోడ్ చిప్ వద్దు. పొరపాటున వాళ్ల కోడే కలిసిందంటే కొంప మునుగుతుంది. ఊరికే అరిచేది చాలు."

దశరథం ఓ ముక్కకు బ్యాటరీ, బటన్ అతికించి నొక్కిపట్టాడు. ఇంకో రిమోట్‌తో ఎన్ని కోడ్‌లు పంపినా, కౌంటర్ మీద రిసీవర్‌కు కలిపిన బజర్ మోగలేదు. "గిట్ల పట్టుకున్నంతసేపు మూగదే. కాకపోతే రిసీవర్ పక్కనే ఉండాలె."

పక్కనే. అంటే బాంబు పక్కనే. ఫణి దాన్ని జేబులో వేసుకున్నాడు.

మూడు యాభై. సర్వే గొలుసు లాగే చైన్‌మన్ వేషంలో ఫణి టెంటులోకి దూరాడు. రేణుకమ్మ ఇంజనీర్లకు చాయ్ పోస్తోంది. ప్యూన్ వేషంలో ఉన్న బాంబ్ స్క్వాడ్ రవీందర్ బల్ల కింద నుంచి గుసగుసలాడాడు. "అన్నా, గీ థియోడొలైట్ దుర్బిణి పెట్టెకు ఏరియల్ లెక్క జానెడు తీగ ఏంది?"

ఫణి పెట్టె పక్కన చతికిలబడి బటన్ నొక్కిపట్టాడు. రవీందర్ స్క్రూలు విప్పసాగాడు. టెంటు సందులోంచి చూస్తే బయట ఒక్కరే మనిషి. కంకర టిప్పర్ చాటున, నల్లకళ్లద్దాలు, పట్టుచీర. రిమోట్ మనిషి తుక్కుగూడలో ఉంటాడని చెప్పిన సంయుక్త.

నాలుగైంది. ఆమె చేతిలోని రిమోట్ నొక్కింది. ఏమీ కాలేదు. ఇంట్లో టీవీ రిమోట్ మొరాయిస్తే అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. అరచేతిలో రెండు దెబ్బలు కొట్టి మళ్లీ నొక్కింది. తర్వాత పది అడుగులు ముందుకొచ్చింది. ఇంకో పది. దగ్గరైన కొద్దీ ఆమె సిగ్నల్ బలపడుతుంది. ఫణికి చెమటతో బటన్ జారుతోంది. వేలు తప్పిందా, పదకొండు మందితో పాటు తనూ రవీందరూ రేణుకమ్మా కూడా పోతారు. దేవుడా అనుకుని రెండో బొటనవేలు కూడా పైన అదిమాడు.

"అయిపోయిందన్నా," అంటూ రవీందర్ తీగ కత్తిరించి, ఒక్క ఉదుటున బయటికి దూకాడు. అంత దగ్గరికొచ్చిన సంయుక్తకు పారిపోయే వ్యవధి దొరకలేదు.

"మంచి రిసీవర్ కొనమని మావాళ్లకు మొత్తుకున్నాను. వినలేదు," అంది ఆమె, బేడీలు చూసుకుంటూ.

ఫణి ఇంకా పెట్టె పక్కనే, రెండు బొటనవేళ్లతో బటన్ అదిమి కూర్చున్నాడు. రవీందర్ లోపలికొచ్చి వంగి, అతని వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశాడు.

"ఇగ వదిలెయ్యన్నా. బాంబు సచ్చి పది నిమిషాలైంది."